ప్రహేళికకు మార్కులు వేయువారెవరు?

వారపత్రిక చివరి పుటలో పెన్సిలుతో పూరింపబడుచు వచ్చిన గళ్ళ నుడికట్టు ఇప్పుడు చేతి ఫోనులోనికి చేరినది. ఏలూరు బస్టాండులో బండి కొరకు వేచియున్న ఉద్యోగి, తాడేపల్లిగూడెం స్టేషనులో కూర్చున్న విద్యార్థి, కైకలూరులో మధ్యాహ్నపు వంట ముగించుకొన్న గృహిణి, ముగ్గురును ఒకే ఆధారమును ఒకే నిమిషమున చూడగలుగుచున్నారు. ఇది మంచి మార్పే. పూర్వము ఉత్తరము సరియో కాదో తెలియుటకు తరువాతి సంచిక వచ్చువరకు ఆగవలసి యుండెడిది. ఇప్పుడు మీట నొక్కినంతనే పచ్చగడియో ఎర్రగడియో కనిపించును. అయితే ఆ రంగును నిర్ణయించుచున్న దెవరు, ఏ నియమమును బట్టి, అని అడుగువారు అరుదు. ఆటయే గదా యని ఊరకుండుటకు వీలు లేదు. దినదినము ఎందరితోనో ‘నీ తెలుగు తప్పు’ అని చెప్పు అధికారము ఆ ఆటకు లభించినది. తన ఇంటి మాటకు, తన ఊరి మాటకు ఎర్రగడి పడుట చూచిన బాలుడు, తప్పు యంత్రముదేమో అని సందేహింపడు. తన మాటనే సందేహించును.

ఆధారములలో రెండు తెగలున్నవి. ‘ఏలూరు ప్రక్కగా పారి కొల్లేటిలో కలియు వాగు ఏది?’ అని అడిగినచో అది భూగోళ శాస్త్రపు ప్రశ్న. తెలిసినవానికి తెలియును, తెలియనివానికి లేదు. గూఢమైన ఆధారము అట్టిది కాదు. అందు ఉత్తరమునకు రెండు త్రోవలుండును. ఒకటి అర్థము, రెండవది మాట విరుపు. రెండును ఒక్క చోటనే కలిసినప్పుడు పూరించువానికి ‘ఇదే’ అను నిశ్చయము కలుగును. ఆ నిశ్చయమే ఈ ఆటలోని ఆనందము. మార్కులు దాని తరువాతి మాట.

ఈ ప్రాంతపు పేర్లే ఇందుకు చక్కని సామగ్రి. ‘పాలించుమన్న గ్రామము పట్టణమైనది (3)’ అను ఆధారమును చూడుడు. ఏలు, ఊరు, ఉకార సంధి జరిగినది, ఏలూరు. ‘దోపిడి నది చివరకు సరస్సు (3)’: కొల్ల, ఏరు; కొల్లేరు. ఆ పేరు నిజముగా ఎట్లు పుట్టినదను విచారణ వేరు. ఆధారమునకు చెవికి వినబడు విరుపు చాలును. (1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యముగా ప్రకటింపబడి, 2002లో రామ్‌సర్ జాబితా కెక్కిన ఆ సరస్సులో చేపల చెరువుల గట్లు ఎంత దూరము చొచ్చుకొని పోయినవో, 2006లో వానిని పగులగొట్టుటకు ఎంత ప్రయాస పడవలసి వచ్చినదో ఎరిగినవారికి ఈ ఆధారము గూఢముగా కూడ తోచదు.) ‘పద్మమున్నది, మనుష్యులు మాత్రము లేని వాగు (4)’: తమ్మి, లేరు, తమ్మిలేరు. ‘లవణమునకు నదికి నడుమ వ్యాకరణము ఒక టకారము నుంచినది (4)’: ఉప్పుటేరు. ఈ కడపటి దానిని విప్పినవాడు కొల్లేటి నీరు సముద్రమునకు పోవు త్రోవతో పాటు టుగాగమమును కూడ తెలిసికొనును. బడిలో సూత్రము వల్లించినప్పుడు రాని తెలివి ఇక్కడ వచ్చును.

ఇక ‘తాడే, పల్లియే, గూడెమే, కలిసిన పట్టణము (6)’ అని ఒకరు ఇచ్చినారనుకొందము. ఇందు దాచినది ఏమియు లేదు. ఉత్తరము ముక్కలుగా వీధిలోనే పడియున్నది, ఏరుకొనుటయే పని. కొత్తవారికి ఇట్టి దొకటి ఉండుట మంచిదే. కాని ఉప్పుటేటికి వేసిన మార్కులనే దీనికిని వేయుట న్యాయమా? నేటి ఆటలలో పలుచోట్ల జరుగుచున్నది అదియే. గడికి ఇంత అని లెక్క. ఆ లెక్కన నాలుగు గళ్ళ ఉప్పుటేరు కంటె ఆరు గళ్ళ గూడెమునకే ఎక్కువ మార్కులు! పొడవునకు కూలి యిచ్చుట గట్టు పనిలో చెల్లును గాని బుద్ధి పనిలో చెల్లదు.

నియమములు పెట్టుట పాశ్చాత్యుల నుండి నేర్చుకొన్న విద్య యని కొందరనుకొందురు. దండి కావ్యాదర్శము మూడవ పరిచ్ఛేదమును చూచినవారు అట్లనరు. ప్రహేళికలు పదునారని ఆయన లెక్క చెప్పినాడు. పూర్వాచార్యులు వీనితో పాటు మరి పదునాలుగు దుష్ట ప్రహేళికలను కూడ చెప్పియుండిరనియు, దోషములకు అంతులేదు కనుక తాను మంచివానినే వివరింతుననియు పలికినాడు. అనగా అనుచితమైన చిక్కు ప్రశ్న యన నేమి యను విచారణ ఆయనకు పూర్వమే ఈ దేశమున జరిగినదన్నమాట. ఆ పదునారింటిలో మొదటిది ‘సమాగత’. పదములు సంధిచే కలిసిపోయి అర్థము మరుగుపడుట దాని లక్షణము. పైని ఏలూరు, కొల్లేరు ఈ జాతివే. ‘వంచిత’ యనునది మరియొకటి. ఒక అర్థమున ప్రసిద్ధమైన మాట వేరొక అర్థమున వచ్చి మోసగించును. లంక యనగానే లోకమునకు రావణుడు తలపునకు వచ్చును. కొల్లేటివానికి అది నీటి నడుమ ఊరు. ఈ రెండు అర్థముల నడుమ ఎన్ని ఆధారములనైన అల్లవచ్చును. వాత్స్యాయనుడు అరువదినాలుగు కళలలో ప్రహేళికను చేర్చినాడు. కళ యన్నప్పుడు దానికి కట్టుబాట్లుండక తప్పదు.

పడమటి దేశముల కథ ఇటీవలిది. ఆర్థర్ విన్ అను నతడు 1913 డిసెంబరు 21న న్యూయార్కు వరల్డు పత్రికలో మొదటి నుడికట్టును ప్రకటించినాడు. ఇంగ్లండులో 1926 నుండి అబ్జర్వరు పత్రికలో ‘టార్కెమాడా’ అను మారుపేరున పవిస్ మాదర్స్ దానిని గూఢముగా మార్చినాడు. పేరు స్పెయిను దేశపు మతవిచారణాధికారిది. పూరించువారికి పెట్టిన చిత్రహింసయు పేరునకు తగినదే. 1939లో అతని స్థానమునకు వచ్చిన మెక్‌నట్ ‘జిమెనెజ్’ అని మరియొక విచారణాధికారి పేరే పెట్టుకొన్నాడు గాని, చేసినది మాత్రము విముక్తి కార్యము. ఆధారములో ప్రతి మాటకును పని యుండవలెను. అర్థము ఒక కొసన స్పష్టముగా నుండవలెను. అక్షరములను తారుమారు చేయవలసినచో ఆ సూచన ఆధారములోనే యుండవలెను. కూర్పరి మోసగింపవచ్చును గాని అబద్ధమాడరాదు. ఇదియంతయు అతడు 1966లో గ్రంథముగా వెలువరించినాడు. మార్కుల విషయమున అతని పద్ధతి మరింత గమనింపదగినది. ఒక మాట నిచ్చి, దానికి ఆధారమును మీరే కూర్చి పంపుడని పాఠకులను కోరెడివాడు. వచ్చినవానిని తానే చదివి, మంచివానిని మెచ్చి, చెడ్డవి ఎందుకు చెడ్డవో అచ్చువేసి పంపెడివాడు. 1972లో ఆ పీఠమెక్కిన ‘అజెడ్’ కూడ అదే త్రోవ పట్టినాడు. అక్కడ మార్కు వెనుక ఒక మనిషి, ఆ మనిషి వెనుక ఒక వివరణము ఉండెడివి.

తెలుగున శ్రీశ్రీ ‘పదబంధ ప్రహేళిక’ అను పేరను, ఆరుద్ర ‘గళ్ళ నుడికట్టు’ అను పేరను ఈ విద్యను నడిపినారు. కవులు కూర్చిన గళ్ళు గనుక ఆ గళ్ళలో కొంటెతనముతో పాటు భాష యందు గౌరవము కూడ నుండెను. ఈ శతాబ్ది మొదటి దశకమున ‘పొద్దు’ అను జాల పత్రిక ‘గడి’ అను పేర ఆ సంప్రదాయమును తెరమీదికి తెచ్చినది. దారి పడినది. దారి కిరువైపుల కంచె మాత్రము ఇంకను వేయలేదు.

కంచె ఎట్లు వేయవలెనో తెలుగువారి కెవరును చెప్పనక్కరలేదు. అవధాన సభ యున్నది గదా! భీమవరము దాపున యండగండిలో పుట్టిన దివాకర్ల తిరుపతి శాస్త్రియు, చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రియు జంటగా ఈ గోదావరి కృష్ణా మండలములలో ఆ విద్యను ఊరూరికిని తీసికొని పోయినారు. ఆ సభలో సమస్య నిచ్చు పృచ్ఛకుడు తన పూరణమును తన దగ్గర ఉంచుకొనవలెననుట మర్యాద. విప్పజాలని ముడిని ఇతరుల మీద విసరరాదని దాని తాత్పర్యము. అయినను అవధాని చెప్పిన పూరణము పృచ్ఛకుని పూరణముతో సరిపోయి తీరవలెనని ఎవ్వరును అనలేదు. సమస్య కుదిరినదా, ఛందస్సు నిలిచినదా, ఔచిత్యము చెడలేదా అని మాత్రమే చూచెదరు. పృచ్ఛకుడు కలలోనైన తలపని పూరణము వచ్చినచో సభ మరింత సంతోషించును. నేటి యంత్రము చేయుచున్నది దీనికి సరిగా విరుద్ధము. దాని కడుపులో దాచిన ఉత్తరము ఒక్కటే. అది కానిది అంతయు తప్పు.

‘కొల్లేటి ____ (3)’ అని జాతీయమును పూరింపుమన్నారనుకొందము. ఒకరు చాంతాడు అందురు, ఒకరు చేంతాడు అందురు. రెండును వాడుకలో నున్నవే, రెండును మూడేసి గళ్ళే. మొదటి గడికి అడ్డుగా వేరొక మాట లేనప్పుడు ఈ రెంటిలో ఏది సరియో ఏ నిఘంటువును చెప్పదు. కూర్పరి మనస్సునకే తెలియును. అప్పుడు పూరించువాడు చేయునది ఆలోచన కాదు, జూదము.

జూదము అను మాట ఇక్కడ ఊరక పడినది కాదు. స్వాతంత్ర్యము వచ్చిన తొలి సంవత్సరములలో నుడికట్టు పోటీలు ఈ దేశమున పెద్ద వ్యాపారముగా నుండెను. రుసుము కట్టి కూపను పంపవలెను. ఒకే ఆధారమునకు రెండు మాటలు కుదురునట్లు కూర్చి, అందొకటి ‘సరి’ యని నిర్వాహకులు నిర్ణయించెడివారు. దీనిని అదుపు చేయుటకు ఆంధ్ర, హైదరాబాదు మొదలగు రాష్ట్రముల కోరికపై పార్లమెంటు 1955లో బహుమతి పోటీల చట్టమును చేసినది. నెలకు వేయి రూపాయలు మించిన బహుమతులు కూడదని, మించనివైనను ప్రవేశములు రెండు వేలు దాటరాదని అందు విధించిరి. బెంగుళూరులో అచ్చగు ఒక పత్రిక ద్వారా అట్టి పోటీలు నడుపుచున్న చమర్‌బాగ్‌వాలా వ్యాజ్యములలో సుప్రీముకోర్టు 1957లో తీర్పు చెప్పినది. జూదము వ్యాపార స్వాతంత్ర్యము క్రిందికి రాదని ఒక తీర్పు. ఆ చట్టము జూదపు పోటీలకే గాని, గెలుపు ప్రధానముగా నైపుణ్యము మీద ఆధారపడిన పోటీలకు వర్తింపదని మరియొకటి. పదేండ్ల తరువాత, 1967లో, సికిందరాబాదు క్లబ్బు ఒకదాని రమ్మీ ఆట విషయమున ఆంధ్రప్రదేశు ప్రభుత్వము వేసిన అప్పీలులో అదే న్యాయస్థానము అదే తూకమును పట్టినది. రమ్మీలో నైపుణ్యమే హెచ్చన్నది. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ ఆటల చట్టము ఈ భేదమును ప్రక్కకు నెట్టి, డబ్బు పెట్టి ఆడు ఆటల నన్నిటిని నిషేధించినది.

డబ్బు పోయినది సరే. జూదము పోయినదా? రెండు మాటలు కుదురు ఆధారమునకు ఒక్క మాటకే మార్కు వేసినంత కాలము అది ఎక్కడికిని పోదు. పైసా పందెము లేకున్నను, నూరు దినములుగా తెగకుండ పూరించుకొని వచ్చిన వరుస ఒక్క ‘చేంతాడు’తో తెగిపోయినవాడు పడు బాధ పేకాటలో ఓడినవాని బాధ కంటె చిన్నది కాదు. పైగా పేకాటలో ఓడినవానికి తన భాష తప్పను అనుమానము రాదు.

యంత్రము అక్షరమును చదువు తీరు మరియొక చిక్కు. మనిషి కంటికి కొల్లేరు మూడు అక్షరములు. యంత్రమునకు ఎనిమిది సంకేతములు: కకారము, దాని ఒత్వము, లకారము, పొల్లు, మరల లకారము, ఏత్వము, రకారము, కొమ్ము. ‘కలప’ను తిరగవేసిన ‘పలక’ యగును. ‘తిరగబడిన కలప మీద బాలుడు అక్షరములు దిద్దినాడు (3)’ అని ఎవరైన ముద్దుగా కూర్చవచ్చును. అందు గుణింతము లేదు గనుక యంత్రమును తడబడదు. కాని ‘కొల్లేరు’ను తిరగవేయుమన్నచో సంకేతములను ఒక్కొక్కటిగా త్రిప్పు ఆట అర్థము లేని గీతల కుప్పను చూపును. ఇంగ్లీషు ఆటను తెచ్చి అక్షరములను మాత్రము మార్చినచోట ఇట్టి వింతలు తప్పవు. కైకలూరు సంగతి ఇంకను విచిత్రము. ‘కై’ లోని ఐత్వమును ఒకే సంకేతముగా వ్రాయవచ్చును. ఎత్వము, దాని క్రింది గుర్తు అని రెండుగను వ్రాయవచ్చును. తెర మీద రెండును ఒక్కటే. రెంటిని సమానముగా లెక్కింపవలెనని యూనికోడు నియమము. ఆ నియమమును పాటింపని ఆటలో సరియైన కైకలూరే తప్పగును! అట్టి తప్పునకు గురియైన పూరకుడు ఎన్ని నిఘంటువులు తిరుగవేసినను కారణము దొరకదు.

గూడెం, గూడెము అను భేదము ఇంతటి చిక్కు కాదు. కుండలీకరణములోని అంకె దానిని తీర్చును. తాడేపల్లిగూడెం ఆరు, ముకారముతో ఏడు. ఆ చిన్న అంకె విలువ మరియొక చోట కూడ తెలియును. ‘పశ్చిమ గోదావరి ముఖ్యపట్టణము’ అని పదేండ్ల క్రింద కూర్చిన ఆధారము జాలములో చెక్కుచెదరక ఉండును. నాడు దాని ఉత్తరము ఏలూరు. 2022 ఏప్రిలులో కొత్త జిల్లాలు ఏర్పడి ఏలూరు తన పేరి జిల్లాకు ముఖ్యపట్టణమైనది. పశ్చిమ గోదావరికి భీమవరము వచ్చినది. కాగితపు నుడికట్టు పాతబడి పొట్లములకు పోయెడిది. జాలములోనిది నిత్యయౌవనముతో నిలిచి నేటి బాలుని కూడ పరీక్షించును. ఆధారము క్రింద దానిని కూర్చిన తేదీ వేయుట ఎంత పని? అయినను వేయనివారే ఎక్కువ.

ఇక కాలము. త్వరగా పూరించినవానికి ఎక్కువ మార్కులు వేయుట నేటి ఆటలకు పరిపాటి. ఇంగ్లీషున అది కొంతవరకు చెల్లునేమో. తెలుగున కాలమును కొలిచినచో కొలువబడునది బుద్ధి కాదు, వేలు. ఒకరు ఇన్‌స్క్రిప్టు మీటల మీద వ్రాయుదురు, ఒకరు ఆంగ్లాక్షరములతో టైపు చేసి తెలుగుగా మార్చుకొందురు, ఒకరు ఒత్తు ఎక్కడ నున్నదో వెదకుచుందురు. ఉప్పుటేరును మనస్సున క్షణములో విప్పిన పెద్దవాడు దానిని తెర మీద పెట్టుటకు నిమిషము తీసికొనవచ్చును. అంతలో ఇరువదేండ్ల మనుమడు గెలుచును. మనుమని గెలుపునకు ఎవరును అడ్డు చెప్పరు, కాని దానిని ప్రహేళికలో గెలుపు అనరాదు.

కాలము వలదన్నచో మరి దేనిని కొలువవలెను? సాయమును. మినిట్ క్రిప్టిక్ అను ఆంగ్లపు ఆట దినమున కొక్క ఆధారమునే యిచ్చి, పూరించువాడు ఎన్ని సూచనలు తీసికొన్నాడో చూచి, ఆ ఆధారమునకు తగునని ముందే నిర్ణయించిన సంఖ్యతో పోల్చును. గోల్ఫు ఆట లెక్క వంటిది. వర్డిల్‌లోను గడియారము లేదు, ఆరు ప్రయత్నములే. తెలుగున ఈ పద్ధతిని ఇంకను మెరుగుపరచవచ్చును. ఆధారమునకు పది మార్కులనుకొన్నచో, అర్థము ఏ కొసన నున్నదో చూపుమన్నందుకు ఒకటి, విరుపు ఎక్కడనో చూపుమన్నందుకు రెండు, ఒక గడి తెరచినందుకు మూడు తగ్గింపవచ్చును. అర్థమును చూపించుకొన్నవానికంటె అక్షరమును చూపించుకొన్నవాడు ఎక్కువ కోలుపోవుట ఉచితము. ఏలయన మొదటివాడు ఇంకను ఆలోచించుచున్నాడు, రెండవవాడు ఊహించుచున్నాడు. ఇది యంత్రమునకు కష్టమైన పని కాదు. కాలమును కొలుచుట కంటె సులువు.

మార్కులు పూరించువారికే ఎందుకు? కూర్పరికి కూడ వేయవలెను. పూరించినవారిలో చాలమంది ఒకే ‘తప్పు’ మాటను వ్రాసినచో అది తప్పు కాదేమో, ఆధారమునకు రెండు నోళ్ళున్నవేమో అని విచారించుట యంత్రము చేయగల పని. అట్టి మాట తేలినప్పుడు కూర్పరి మార్కు తగ్గవలెను, పూరించినవారి మార్కు తిరిగి రావలెను, తెగిన వరుస అతుకబడవలెను. దీనికి అప్పీలు మీట యొకటి తెర మీద నుండవలెను. ఆ మీట కావలి యంత్రము కాక, జిమెనెజ్ వలె చదివి, కారణము వ్రాసి, పేరు పెట్టి పంపు మనిషి యుండవలెను. పత్రిక నడుపు ఆటకు పత్రికలోనే దొరకును. కళాశాల నడుపుకొను ఆటకు తెలుగు శాఖలో దొరకును. దినమునకు పది అప్పీళ్ళు చదువుట భారమనువారు దినమునకు పది ఆధారములు కూర్చుట మానుకొని రెండే కూర్చినను నష్టము లేదు.

మాండలికము మాట యొకటి మిగిలినది. గోదావరి మాట రాయలసీమవానికి, తెలంగాణపు మాట కొల్లేటివానికి తెలియకపోవుట సహజము. అందుకని వానిని గళ్ళలోనికి రానీయరాదనుట దారిద్ర్యము. ఆధారములో ‘కొల్లేటివారికి’ అనియో ‘పాలమూరున’ అనియో ఒక్క మాట చేర్చినచో చాలును. అట్లు చేర్చని ఆధారమునకు ప్రాంతపు మాట ఉత్తరముగా వచ్చినప్పుడు, ఆ ప్రాంతపువాడు కానివానికి మార్కు తగ్గరాదు. చేర్చిన దానికి తగ్గవచ్చును. తెలియని మాటను విరుపు బలముతో పట్టుకొన్నవానికి ఒక మార్కు ఎక్కువయే వేయవచ్చును.